మీకు తెలుసా? ఇయర్‌ఫోన్లలో బేస్ అంతా టిప్ చేతిలోనే!

• చవక ఇయర్‌ఫోన్లలో బేస్ వినిపించకపోతే, చాలాసార్లు లోపం చెవిలో సరిగ్గా ఇమడని సిలికాన్ టిప్‌దే. కాస్త సందున్నా బేస్ జారిపోతుంది. మూడు సైజుల టిప్స్ ఇచ్చే సెట్టే కొనండి. కుడి చెవికి, ఎడమ చెవికి వేర్వేరు సైజులు పట్టవచ్చు.

• పెట్టె మీద ‘ఓమ్స్’ (విద్యుత్ నిరోధం కొలత) అంకె చూడండి. చిన్న మ్యూజిక్ ప్లేయర్లకు 16 నుంచి 32 ఓమ్స్ బాగా నప్పుతాయి. 300 ఓమ్స్‌వి తగిలిస్తే వాల్యూమ్ పూర్తిగా పెంచినా పాట నీరసంగా వినిపించవచ్చు.

• వైరు ఎక్కువగా తెగేది ప్లగ్ మొదట్లోనే. అక్కడ మెత్తని రబ్బరు తొడుగు ఉందో లేదో చూసుకోండి.

• టిప్ బిగువుగా కూర్చుంటే బయటి రొద తగ్గుతుంది, వాల్యూమ్ పెంచక్కర్లేదు. వినికిడి దెబ్బతినకుండా, 80 డెసిబెల్స్ దగ్గర వారానికి 40 గంటలకు మించి వినవద్దన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన.