డోలీ పట్టేంత దారి

అనకాపల్లి పేరు చెబితే అందరికీ బెల్లమే గుర్తొస్తుంది. చెరకు తోటలు దాటి ఇంకాస్త లోపలికి వెళితే కొండలు మొదలవుతాయి. రావికమతం, రోలుగుంట, చీడికాడ మండలాల కొండల్లో సరైన రోడ్డు చేరని గిరిజన గూడేలు ఉన్నాయి. సంతకు దిగాలన్నా, నొప్పులొచ్చిన ఆడమనిషిని డోలీలో ఆసుపత్రికి మోయాలన్నా వాళ్లకు కాలిబాటే దిక్కు. గాలివానకు ఆ బాట మీద ఒక్క చెట్టు అడ్డంగా పడిందంటే డోలీ అక్కడే ఆగిపోతుంది.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ దగ్గర తీరం దాటినప్పుడు గాలి గంటకు 185 కిలోమీటర్ల దాకా వీచింది. అప్పటికి అనకాపల్లి కూడా విశాఖ జిల్లాలోదే. గాలి వేగం రెట్టింపైతే చెట్టును నెట్టే బలం నాలుగు రెట్లవుతుంది. వానకు నానిన నేలలో వేళ్లకు పట్టు సడలి, గుబురు కొమ్మలున్న చెట్టు వేళ్లతో సహా లేచిపోతుంది. ఊళ్లో అయితే రంపపు మిషన్లు, క్రేన్లు వస్తాయి. కొండదారిలో గొడ్డలి, కత్తి, మోకు, పదిమంది భుజాలు కావాలి.

ముందుగా తెలుసుకోవాల్సిందేమిటంటే, పడ్డ చెట్టు పడుకుని నిద్రపోవడం లేదు. దాని నిండా బిగింపు ఉంటుంది. ఇది అర్థం కావాలంటే డోలీ కర్రనే చూడండి. రెండు కొసలూ ఇద్దరి భుజాల మీద, బరువు నడుమ. కర్ర కిందికి వంగుతుంది. పైభాగం నొక్కుకుపోతుంది, అడుగుభాగం సాగుతుంది. గెడ్డకు అడ్డంగా, రెండు గట్ల మీద ఆనుకుని పడ్డ మానూ అంతే. దాన్ని పైనుంచే కోసుకుంటూ పోతే కోత మూసుకుని రంపం ఇరుక్కుపోతుంది. అందుకే పైన కొంత లోతు కోసి, మిగతాది అడుగునుంచి కోయాలి. కావడిబద్దది ఇందుకు తలకిందులు. నడుమ ఒక్క భుజం ఆనిక, బరువులు రెండు చివర్లా. పైభాగం సాగుతుంది, అడుగు నొక్కుకుంటుంది. ఒక బండ మీద ఆని, కొస గాలిలో వేలాడే మానుకు ముందు అడుగున కొంత కోసి, తర్వాత పైనుంచి తెంచాలి. సాగిన వైపు తెగేటప్పుడు కొయ్య కొరడాలా ఎగురుతుంది కాబట్టి ఆ దిక్కున మనిషి ఉండకూడదు.

వేళ్లతో లేచిన చెట్టు ఇంకా ప్రమాదం. మాను తెగి బరువు పోగానే, మట్టిముద్దతో ఉన్న మొదలు ఒక్కసారిగా వెనక్కి లేచి గోతిలో కూర్చుంటుంది. ఆ గోతి దగ్గర పిల్లల్ని అసలు నిలబడనివ్వకూడదు. తలపైన చిక్కుకున్న విరిగిన కొమ్మల్ని కూడా కోత మొదలుపెట్టక ముందే చూసుకోవాలి.

ఇలాంటి పనిని నేర్చుకుని చేసే చోట్లూ ఉన్నాయి. అమెరికాలో సుమారు 3,500 కిలోమీటర్ల అపలాచియన్ కాలిబాటను చాలావరకు స్వచ్ఛంద సేవకులే బాగుచేస్తుంటారు. 2024 సెప్టెంబరులో హెలీన్ తుపాను ఆ బాట మీద లెక్కలేనన్ని చెట్లు కూల్చింది. అక్కడి ప్రభుత్వ అడవుల్లో రంపం పట్టాలంటే శిక్షణ పొంది ఉండాలి. 1964 నాటి చట్టం కింద కాపాడే అడవుల్లో మామూలుగా మోటారు రంపాలు వాడనివ్వరు, ఇద్దరు చెరో కొసా పట్టుకుని లాగే పాతకాలపు రంపంతోనే పని. ఆ నేర్పు మన కొండల్లోనూ పోకూడదని నా కోరిక. గూడెం కుర్రాళ్లకు అటవీశాఖ నాలుగు రోజులు శిక్షణ, తలకు గట్టి టోపీలు ఇస్తే ఎన్ని ఎముకలు విరగకుండా ఉంటాయో!

అడవి చెట్టు మీద చెయ్యి వేసేముందు అటవీశాఖకు చెప్పడం తప్పనిసరి. విశాఖ అంచున ఉన్న కంబాలకొండలాంటి అభయారణ్యాల్లోనైతే గాలికి పడ్డ చెట్టును కూడా తరలించకూడదని 2000 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆదేశించింది. అందులో న్యాయముంది. కుళ్లే మానులో చెదలు, పుట్టగొడుగులు, పురుగులు, వాటి కోసం వచ్చే వడ్రంగిపిట్ట బతుకుతాయి. వాలుకు అడ్డంగా పడున్న దుంగ వాననీటి జోరును ఆపి మట్టిని నిలబెడుతుంది. కాబట్టి దారికి అడ్డొచ్చిన మేరకే కోసి, ముక్కల్ని పక్కకు దొర్లిస్తే చాలు.

అలాగని మరీ ఇరుగ్గా వదిలితే జనం పక్కనుంచి కొత్త బాట తొక్కుతారు, వానకు అది వాగవుతుంది. మరి ఎంత వెడల్పు? కొలతకు టేపు అక్కర్లేదు. పని ముగిశాక ఇద్దరు మనుషులు కర్ర భుజాన వేసుకుని, నడుమ ఒక బస్తా వేలాడదీసుకుని, మలుపుల్లో సహా ఆ దారంతా ఒకసారి నడవాలి. కర్ర ఎక్కడైనా కొమ్మకు తగిలినా, బస్తా మోడుకు రాసుకున్నా, గొడ్డలి మళ్లీ అందుకోవాలి.