స్పోర్ట్స్ కార్ ఇంజిన్ ఇంట్లోనే విప్పాను: టర్బో పెట్టే ముందు నాకు తెలిసొచ్చిన విషయాలు

ఇక్కడ నేను ఎప్పుడూ ఫోన్లు, ప్రాసెసర్ల గురించే రాస్తుంటాను. ఈసారి ప్రాసెసర్ కాదు, నిజం ఇంజిన్. మూడు నెలలుగా నా వీకెండ్లన్నీ గ్యారేజ్‌లోనే అయిపోతున్నాయి. ఏం చేస్తున్నావని అడుగుతున్న ఫ్రెండ్స్‌కి, మీకు, కలిపి ఒకేసారి సమాధానం ఇది.

నేనుండేది అమెరికాలో, టెక్సాస్‌లో. నాకు 1994 మోడల్ మాజ్డా ఎంఎక్స్-5 ఉంది. ఇక్కడ అందరూ మియాటా అంటారు. రెండు సీట్లు, టాప్ లేని చిన్న కారు, స్విచ్ నొక్కితే పైకి లేచే హెడ్‌లైట్లు. దీనికి టర్బో పెట్టాలని చాలా రోజుల కోరిక. ప్లాన్ ఏంటంటే, కిట్ కొనాలి, రెండు వీకెండ్లలో బిగించాలి, మూడో వీకెండ్ నడపాలి. అదేమీ జరగలేదు. ఎందుకు జరగలేదో, జరగకపోవడం ఎందుకు మంచిదైందో చెప్తాను.

ముందు స్పెక్స్

- ఇంజిన్: మాజ్డా బీపీ, 4 సిలిండర్లు, 16 వాల్వులు, 1839 సీసీ
- బోర్ 83 మి.మీ., స్ట్రోక్ 85 మి.మీ.
- కంప్రెషన్ రేషియో: 9.0
- పవర్: 128 హార్స్‌పవర్
- బ్లాక్ ఇనుము, హెడ్ అల్యూమినియం
- నాక్ సెన్సార్: లేదు

ఆ ఆఖరి లైన్ గుర్తు పెట్టుకోండి. కథంతా దాని చుట్టూనే తిరుగుతుంది.

టర్బో అసలు ఏం చేస్తుంది?

ఇంజిన్ పవర్ అంటే ఎంత గాలి పీలిస్తే అంత. గాలిని బట్టే పెట్రోల్ పడుతుంది. మామూలు ఇంజిన్‌కి బయటి గాలి ఒత్తిడి మాత్రమే దిక్కు, అది 14.7 పీఎస్ఐ. సైలెన్సర్ వైపు పోయే వేడి వాయువులతో ఒక చక్రాన్ని తిప్పి, అదే షాఫ్ట్ మీద రెండో వైపు ఉన్న చక్రంతో గాలిని ఇంజిన్‌లోకి తోసేదే టర్బో. ఈ షాఫ్ట్ నిమిషానికి లక్ష చుట్లు దాటి తిరుగుతుంది.

7 పీఎస్ఐ బూస్ట్ పెడితే మొత్తం ఒత్తిడి 21.7 అవుతుంది. అంటే లెక్క ప్రకారం దాదాపు ఒకటిన్నర రెట్లు గాలి. కానీ పవర్ ఒకటిన్నర రెట్లు రాదు, ఎందుకంటే నొక్కిన గాలి వేడెక్కుతుంది. సైకిల్ పంపు అడుగున చెయ్యి పెడితే తెలుస్తుంది కదా, అదే సంగతి. బయట 35 డిగ్రీలుంటే, 70 శాతం ఎఫిషియెన్సీ ఉన్న కంప్రెసర్ నుంచి గాలి 85 డిగ్రీలు దాటి బయటికొస్తుంది. దాన్ని చల్లబరచడానికే ఇంటర్‌కూలర్.

ఫోన్ భాషలో చెప్పాలంటే టర్బో ఓవర్‌క్లాకింగ్ లాంటిది. ఒక్క తేడా ఉంది. ఫోన్ వేడెక్కితే అదే స్పీడ్ తగ్గించుకుంటుంది. నా కారుకి ఆ తెలివి లేదు. వేడెక్కితే తనని తాను పగలగొట్టుకుంటుంది.

టెస్ట్ చేస్తే బయటపడింది

కిట్ ఆర్డర్ పెట్టే ముందు ఒక సీనియర్ ఓనర్ "ముందు కంప్రెషన్ టెస్ట్ చెయ్యి బాబూ" అన్నాడు. చేశాను. నాలుగు స్పార్క్ ప్లగ్‌లూ తీసి, ఒక్కో సిలిండర్‌కి గేజ్ పెట్టి, ఇంజిన్ క్రాంక్ చేస్తే వచ్చిన నంబర్లు ఇవి: 172, 170, 168, 121.

నాలుగోది చూశాక ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మొదటి మూడూ ఓకే. నాలుగోది మిగతా వాటికి 50 పీఎస్ఐ తక్కువ.

లీక్ ఎక్కడుందో తేల్చడానికి రెండు పనులు చేశాను. మొదటిది, ఆ సిలిండర్‌లో ఒక స్పూన్ ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ టెస్ట్ చేయడం. 121 కాస్తా 149 అయింది. ఆయిల్ రింగుల చుట్టూ చేరి సందు మూస్తుంది కాబట్టి, నంబర్ పెరిగితే లోపం రింగులు, పిస్టన్ లేదా గోడల్లో ఉందని అర్థం. పెరగకపోతే వాల్వుల మీదో హెడ్ గాస్కెట్ మీదో అనుమానం.

రెండోది లీక్‌డౌన్ టెస్ట్. పిస్టన్‌ని పై వరకు తెచ్చి, ప్లగ్ రంధ్రం నుంచి కంప్రెసర్ గాలి పంపి, ఆ గాలి ఎక్కడి నుంచి బయటికొస్తుందో చెవి పెట్టి వినాలి. సైలెన్సర్‌లో వినిపిస్తే ఎగ్జాస్ట్ వాల్వ్. గాలి పీల్చే గొట్టంలో వినిపిస్తే ఇన్‌టేక్ వాల్వ్. రేడియేటర్‌లో బుడగలొస్తే హెడ్ గాస్కెట్. ఆయిల్ పోసే మూత దగ్గర "స్‌స్‌స్" అంటే రింగులు. నాకు మూత దగ్గరే వచ్చింది.

మన మెకానిక్‌ల మాటల్లో చెప్పాలంటే ఇంజిన్ బోరుకొచ్చింది. కిట్ పక్కకి పోయింది, పానాలు చేతికొచ్చాయి.

ఇంజిన్ విప్పడం: ఫోన్ లేకుండా మొదలుపెట్టొద్దు

ఇక్కడ నాకు బాగా పనికొచ్చిన టూల్ నా ఫోనే. నేను పాటించిన రూల్స్ ఇవి:

1. ఏ బోల్ట్ విప్పినా ముందు దూరం నుంచి ఒక ఫోటో, దగ్గర నుంచి ఒక ఫోటో. మూడు నెలల తర్వాత ఏ పైపు ఏ బ్రాకెట్ కింద నుంచి వెళ్లిందో ఎవరికీ గుర్తుండదు.
2. ప్రతి సెట్ బోల్టులూ ఒక జిప్ కవర్‌లో. కవర్ మీద పేరు రాసి, కవర్‌నీ ఫోటో తీయాలి.
3. చేతులు ఆయిల్‌తో ఉన్నప్పుడు టైప్ చేయలేం. వాయిస్ మెమో చాలు.
4. హెడ్ దించకముందే, ఫోన్‌కి పెట్టుకునే బోరోస్కోప్ కెమెరాతో ప్లగ్ రంధ్రంలోంచి లోపల చూడండి. ఖరీదు తక్కువ. నా నాలుగో సిలిండర్ గోడ మీద నిలువు గీతలు దాంతోనే ముందుగా కనిపించాయి.

ఇక పని. బ్యాటరీ తీసేశాను, ఫ్యూయల్ లైన్‌లో ప్రెషర్ వదిలేశాను, ఆయిల్, కూలెంట్ దించాను. ఏసీ గ్యాస్ మాత్రం సొంతంగా గాల్లోకి వదలకూడదు, ఇక్కడ అది చట్టవిరుద్ధం. షాప్‌కి తీసుకెళ్లి ముందే తీయించాను. ఇంజిన్, గేర్‌బాక్స్ కలిపి హాయిస్ట్‌తో పైకి లేపాను. చైన్‌కి వేలాడుతున్న ఇంజిన్ కింద చెయ్యి కూడా పెట్టొద్దు. ఒక్కరే ఉన్నప్పుడు ఈ పని అసలే వద్దు.

హెడ్ బోల్టులు విప్పడానికి ఒక పద్ధతి ఉంది. ఇంజిన్ పూర్తిగా చల్లారాక, చివర్ల నుంచి మధ్యకి, రెండు మూడు విడతల్లో కొంచెం కొంచెంగా వదులు చేయాలి. ఒకేసారి విప్పితే అల్యూమినియం హెడ్ వంగే ప్రమాదం ఉంది. బిగించేటప్పుడు దీనికి రివర్స్, అంటే మధ్య నుంచి చివర్లకి.

ఇంకో ముఖ్యమైన విషయం: లోపలి పార్ట్స్ ఏవీ కలిసిపోకూడదు. హైడ్రాలిక్ లిఫ్టర్ ఏ గుంటలోంచి వచ్చిందో మళ్లీ ఆ గుంటలోకే. కనెక్టింగ్ రాడ్, దాని క్యాప్ ఒకే జత, ఒకే దిశ. నేను గుడ్ల ట్రేలో వరసగా పెట్టుకున్నాను. లిఫ్టర్లకి అంతకంటే మంచి ఆర్గనైజర్ దొరకదు.

నాలుగో పిస్టన్

నాలుగో పిస్టన్ బయటికి తీసి గుడ్డతో తుడిచాను. పిస్టన్ పక్కన రింగులు కూర్చునే గాడులుంటాయి. ఒక గాడికీ ఇంకో గాడికీ మధ్య ఉండే సన్నని గట్టుని రింగ్ ల్యాండ్ అంటారు. ఆ గట్టు అంగుళం మేర పగిలి ఉంది. తాకితే ముక్క చేతిలోకి వచ్చేసింది.

రింగ్ ల్యాండ్ ఇలా పగిలిందంటే మొదట అనుమానించాల్సింది నాకింగ్‌ని. మామూలుగా స్పార్క్ దగ్గర మొదలైన మంట సిలిండర్ అంతా క్రమంగా పాకాలి. వేడి, ఒత్తిడి ఎక్కువైతే మంట చేరకముందే మూలనున్న మిశ్రమం దానంతటదే ఒక్కసారిగా అంటుకుంటుంది. సుత్తితో పిస్టన్ మీద కొట్టినట్టే. 83 మి.మీ. బోర్‌లో ఆ శబ్దం సుమారు 6 నుంచి 7 కిలోహెర్ట్జ్ దగ్గర ఉంటుంది. నాక్ సెన్సార్ వినేది దాన్నే. విన్న వెంటనే ఈసీయూ స్పార్క్‌ని వెనక్కి జరుపుతుంది. నా కారులో ఆ సెన్సార్ లేదని పైన చెప్పాను కదా.

మరి నాకింగ్ ఎందుకొచ్చింది? ఇప్పుడు నా తప్పు ఒప్పుకోవాలి. ఈ కారుకి ఫ్యాక్టరీ బేస్ టైమింగ్ 10 డిగ్రీలు. దాన్ని 14కి జరిపితే ఖర్చు లేకుండా పికప్ పెరుగుతుందని ఓనర్లందరూ చెప్పుకుంటారు. నేనూ జరిపాను. ఆ సలహాలో రెండో సగం "ప్రీమియం పెట్రోల్ వాడాలి" అని. అది చదివాను, పట్టించుకోలేదు. రెండు టెక్సాస్ వేసవులు, ఏసీ వేసుకుని, మామూలు 87 పెట్రోల్‌తోనే తిప్పాను. ఇక్కడి 87 అంటే ఆర్‌ఓఎన్ లెక్కలో సుమారు 91. పాత ఇంజిన్ కాబట్టి అదొక్కటే కారణమని నిరూపించలేను. కానీ నా వంతు పాపం ఉందని మాత్రం ఒప్పుకుంటున్నాను.

నాలుగోదే ఎందుకు?

దీనికి డిజైన్‌లోనే ఒక కారణం ఉంది. ఈ ఇంజిన్ కుటుంబం మొదట మాజ్డా ఫ్రంట్ వీల్ డ్రైవ్ కార్ల కోసం, అడ్డంగా పెట్టడానికి తయారైంది. అందులో కూలెంట్ ఒక చివర లోపలికి వెళ్లి, రెండో చివర బయటికొస్తుంది. మియాటాలో ఇంజిన్ నిలువుగా కూర్చుంటుంది, వెనక చివర డ్యాష్‌బోర్డ్ గోడకి ఆనుకుని ఉంటుంది. అందుకే కూలెంట్ బయటికొచ్చే దారిని కూడా ముందుకే మార్చారు. లోపలికి ముందే, బయటికీ ముందే. వెనకనున్న నాలుగో సిలిండర్‌కి చల్లదనం తక్కువ అందుతుంది.

వేపర్ చాంబర్ ప్రాసెసర్ మీద కాకుండా పక్కన పెట్టిన ఫోన్‌ని ఊహించుకోండి. మామూలు వాడకంలో తేడా తెలియదు. గేమ్ ఆడితే తెలుస్తుంది. టర్బో పెట్టడమంటే రోజంతా గేమ్ ఆడటమే. అందుకే టర్బో పెట్టేవాళ్లు చాలామంది "కూలెంట్ రీరూట్" చేస్తారు, అంటే బయటికొచ్చే దారిని మళ్లీ వెనక్కి మార్చడం.

ఇప్పుడు ఏం చేస్తున్నాను?

- బోర్: మెషిన్ షాప్‌లో 83.5 మి.మీ.కి పెంచారు. ఇప్పుడు 1862 సీసీ.
- పిస్టన్లు, రాడ్లు: ఫోర్జ్‌డ్. ఒరిజినల్ రాడ్లతో 230-250 వీల్ హార్స్‌పవర్ దగ్గర ఆగిపొమ్మని అనుభవం ఉన్న ఓనర్లు చెప్తారు.
- రింగ్ గ్యాప్: రింగ్ రెండు చివరల మధ్య సందు. టర్బో వేడికి రింగ్ సాగుతుంది. సందు చాలకపోతే చివరలు ఒకదాన్నొకటి తోసుకుని మళ్లీ అదే రింగ్ ల్యాండ్ పగులుతుంది. టర్బో లేని ఇంజిన్‌కి బోర్ × 0.004 మామూలు లెక్క, అంటే 0.33 మి.మీ. నేను బోర్ × 0.0055 తీసుకున్నాను, 0.46 మి.మీ. ఫైనల్ మాట మాత్రం పిస్టన్ కంపెనీ ఇచ్చే చార్ట్‌దే.
- ఆయిల్ రిటర్న్: టర్బోలోంచి ఆయిల్ తనంతట తానే కిందకి జారాలి, అందుకే ఆయిల్ పాన్‌కి లావు రంధ్రం కావాలి. పాన్ బయటే ఉంది కాబట్టి లోహపు రజను ఇంజిన్‌లో పడకుండా పని అయిపోయింది.
- కూలెంట్ రీరూట్, నాక్ సెన్సార్, దాన్ని చదవగలిగే కొత్త ఈసీయూ.
- బూస్ట్: 7 పీఎస్ఐ, అంతే. ప్రీమియం పెట్రోల్ మాత్రమే.

"ఇంత చేసి 7 ఏంటి?" అని ఫ్రెండ్స్ నవ్వుతున్నారు. 2004-05లో మాజ్డా స్వయంగా అమ్మిన టర్బో మోడల్, మాజ్డాస్పీడ్ ఎంఎక్స్-5, 178 హార్స్‌పవర్ దగ్గర ఆగింది. వాళ్లకి ఇంజినీర్ల టీమ్ ఉంది. నాకు ఒక గ్యారేజ్, ఒక పగిలిన పిస్టన్ ఉన్నాయి.

మీరు చేయొచ్చా?

ఇండియాలో ఉన్నవాళ్లకి ముందుగా ఒక మాట. మోటార్ వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం తయారీదారు ఇచ్చిన స్పెసిఫికేషన్లు మార్చడానికి వీల్లేదు. రోడ్డు మీద తిరిగే బండికి ఇంట్లో టర్బో పెడితే ఆర్‌సీ, ఇన్సూరెన్స్ రెండింటికీ చిక్కే. అమెరికాలోనూ కాలిఫోర్నియా లాంటి చోట్ల ఆమోదం ఉన్న పార్ట్సే వాడాలి.

కానీ విప్పి చూడ్డానికి ఏ చట్టమూ అడ్డు రాదు. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట చచ్చిపోయిన 100 సీసీ బైక్ ఇంజిన్ ఒకటి తెచ్చుకోండి. ఫోటోలు తీస్తూ విప్పండి, ఎందుకు చచ్చిపోయిందో కనిపెట్టండి, మళ్లీ బిగించండి. వంద వీడియోలు చూసినా రాని జ్ఞానం అందులో ఉంది.

నా పాత పిస్టన్ ఇప్పుడు నా టేబుల్ మీద, మానిటర్ పక్కన ఉంది. పవర్ పెంచాలనిపించిన ప్రతిసారీ ఆ పగిలిన గట్టు మీద వేలు పెట్టి చూస్తాను. ఆ టైమ్‌కి కంప్రెషన్ టెస్ట్ చెయ్యకుండా టర్బో బిగించి ఉంటే, హైవే మీద ఆ ముక్క బ్లాక్‌లోంచి బయటికొచ్చేది. గేజ్ ఖరీదు 40 డాలర్లు. మీరు ఏ ఇంజిన్ ముట్టుకున్నా ముందు అది కొనండి.

ఇంజిన్ మొదటిసారి స్టార్ట్ చేసినప్పుడు నంబర్లతో సహా ఇంకో ఆర్టికల్ రాస్తాను. నాలుగో సిలిండర్ కంప్రెషన్ ఎంతో మొదటి లైన్‌లోనే చెప్తాను.