పాత లారీకి కొత్త బలము

1954లో టెల్కో సంస్థ, జర్మనీ దేశపు డైమ్లర్-బెంజ్ సహకారముతో జంషెడ్‌పూరులో లారీల నిర్మాణము ప్రారంభించినది. అట్టి పాత బండిని బాగుచేయదలచినపుడు మనము మొదట చూడవలసినది రంగు కాదు, చట్రము.

చట్రమనగా రెండు పొడవైన ఉక్కు దూలములు, వాటిని కలుపు అడ్డపట్టీలు. తుప్పు గీకించి, రివెట్ల చుట్టును, దూలముల అంచులను పరిశీలింపవలెను. పగుళ్లు తరచుగా అచ్చటనే పుట్టును. మూలనుండి మూలకు కర్ణములు రెండును కొలిచి చూతము. అవి సమానముగా లేనిచో చట్రము వంకరపోయినదన్నమాట. పగులు కొసను చిన్న రంధ్రము తొలిచినచో అది ముందుకు ప్రాకదు. అతుకు ఆ పిమ్మటనే వేయింపవలెను.

తరువాత కమానులు. వంపు తగ్గిన పట్టీలను, అరిగిన బుష్షులను, సాగిన యూ-బోల్టులను మార్చవలెను. ఇచ్చట మనకొక ప్రలోభము కలుగును. మరి రెండు పట్టీలు చేర్చినచో బండి ఎక్కువ బరువు మోయునుగదా అనిపించును. కాని కమాను బిరుసెక్కినకొలదిని గోతుల అదురు చట్రమునకే తగులును. ఇరుసు, బ్రేకులు పూర్వపువే కదా! తక్కువ పట్టీలుగల పారబోలిక్ కమానులు తేలికైనవి. రాపిడి తక్కువగుటచే నడక మెత్తబడును. అవియు బండి బరువునకు తగినవై ఉండవలెను.

కొత్త యూ-బోల్టులను, బండి కొంతదూరము నడచిన పిమ్మట మరల బిగింపవలెను. అవి వదులైనచో నడిమి బోల్టు తెగి ఇరుసు ప్రక్కకు జరుగవచ్చును. అప్పుడు బండి చేతిలో ఉండదు. మనము బాగుచేయునది ఇనుమును. కాపాడునది తోలువాని ప్రాణమును.