అణువును తూచే త్రాసు.. ఉమ్మడిగా కొంటేనే మేలు

హైదరాబాద్: బంగారం తూచే త్రాసు ప్రతి నగల దుకాణంలోనూ వుంటుంది. అణువును తూచే త్రాసు మాత్రం అన్ని చోట్లా దొరకదు. దాని పేరు మాస్ స్పెక్ట్రోమీటర్. మేలురకం యంత్రం ధర కోట్లలో వుంటుంది. ప్రతి రసాయనశాస్త్ర శాఖా విడిగా కొనుక్కోవడం అయ్యే పని కాదు. నలుగురూ కలిసి ఒకటి కొని, వంతులవారీగా వాడుకోవడమే దారి.

కొత్త పదార్థం తయారుచేసిన పరిశోధక విద్యార్థి, అది తాను అనుకున్నదేనని రుజువు చూపాలి. ఆ రుజువుల్లో అణుభారం ముఖ్యమైనది. ఈ యంత్రం అణువులకు విద్యుదావేశం ఎక్కించి, గాలి తీసేసిన గదిలో భారం, ఆవేశాల నిష్పత్తిని బట్టి వేరుచేస్తుంది. కాఫీలోని కెఫీన్ అణుభారం 194 అని తేలుతుంది. అణువులో ఒక క్లోరిన్ వుంటే రెండు అంకెల తేడాతో, దాదాపు 3:1 ఎత్తులో జంట గీతలు పడతాయి. మిల్లీగ్రాముకన్నా తక్కువ నమూనా చాలు.

పాత బాటే

ఉమ్మడి వాడకం మనకు కొత్త కాదు. 1970వ దశకంలోనే కేంద్ర శాస్త్ర, సాంకేతిక శాఖ ప్రాంతీయ పరికరాల కేంద్రాలకు శ్రీకారం చుట్టింది. మద్రాసు, బొంబాయి ఐఐటీల్లో, లక్నో ఔషధ పరిశోధన సంస్థలో ఇవి వెలిశాయి. తర్వాత వీటికి 'సైఫ్' అన్న పేరు వచ్చింది. బయటివారు నమూనా పంపి, రుసుము కట్టి ఫలితం పొందే పద్ధతి పెట్టారు. దేశంలోని పరికరాల వివరాలు ఒకేచోట తెలిపే 'ఐ-స్టెమ్' పోర్టల్ 2020 జనవరిలో ప్రారంభమైంది.

కొన్నాకే అసలు ఖర్చు

కొనుగోలుకు గ్రాంటు ఒక్కసారే వస్తుంది. ఖర్చు ఏటా వుంటుంది. పంపులు రాత్రింబవళ్లు తిరగాలి. కరెంటు పోతే శూన్యం చెడుతుంది. గ్యాసు, ఏసీ, మరమ్మతు ఒప్పందం కావాలి. అన్నిటికన్నా ముఖ్యం, శిక్షణ పొందిన ఆపరేటరు. అతని జీతానికి దారి చూడకపోతే కోట్ల యంత్రం ముసుగు కప్పుకొని కూర్చుంటుంది.

విద్యార్థికి వంతు

నమూనా పోస్టులో పంపితే కాగితం వస్తుంది గాని పని రాదు. జీడిమెట్ల, పరవాడ వంటి ఔషధ పరిశ్రమల వాడల్లో ఉద్యోగం వెతుక్కునే ఎమ్మెస్సీ విద్యార్థి ఈ గీతలను పుస్తకంలో మాత్రమే చూసి వెళ్తే, అక్కడ మళ్లీ మొదటినుంచీ నేర్చుకోవలసిందే. అందుకే వారంలో ఒక పూటైనా బోధనకు, చుట్టుపక్కల కళాశాలల వారికి కేటాయించాలి. రుసుమెంత, వంతులెలా, జీతమెవరిది అన్నవి కొనుగోలు కాగితాలపై సంతకాలు పడకముందే తేల్చుకోవడం మంచిది.