స్టాంపు కాగితంతో తెగవు మూడుముళ్లు

జీడిమెట్ల: ఆలుమగల తగవు అద్దం మీద ఆవగింజ నిలిచినంత సేపే అన్నారు పెద్దలు. ఆవగింజ జారినంత తేలిగ్గా తగవు జారిపోని కొంపలు కూడా ఉంటాయి. అలాంటి చోట పంచాయితీ మొదట వాకిట్లో, తర్వాత కులపెద్దల ఎదుట, ఆపైన పోలీసు స్టేషను మెట్ల మీద నడుస్తుంది. వకీలు గడప తొక్కడం చిట్టచివరి మాట. ఆ లోపు పడకూడని కాగితం మీద సంతకమో, వేలిముద్రో పడిపోయి ఉంటుంది.

ఆ కాగితం పేరు విడుపు కాగితం. వంద రూపాయల స్టాంపు పత్రం మీద ‘ఇకమీదట మేము ఒకరికొకరం ఏమీ కాము, మా మధ్య ఇచ్చిపుచ్చుకోవడాలు లేవు’ అని రాస్తారు. ఇద్దరి సంతకాలు, నలుగురు సాక్షులు, నోటరీ ముద్ర. పైకి చూస్తే అంతా పద్ధతిగానే ఉంటుంది. ఆ రోజుతో విడాకులు అయిపోయాయని ఇరువైపులవారూ నమ్మి ఇళ్లకు పోతారు.

అవి విడాకులు కావు. 1955 నాటి హిందూ వివాహ చట్టం కింద పెళ్లి రద్దు కావాలంటే కోర్టు డిక్రీ ఉండాలి. సంతకం ఫలానావారిదేనని చెప్పడానికే నోటరీ ముద్ర పనికి వస్తుంది. తాళిని తెంపే అధికారం దానికి లేదు. కొన్ని కులాల్లో అనాదిగా ఉన్న విడాకుల ఆచారాన్ని చట్టంలోని 29వ సెక్షను గుర్తించిన మాట నిజమే. కాని వివాదం వచ్చినప్పుడు ఆ ఆచారం తరతరాలుగా ఎడతెగకుండా నడుస్తున్నదని కోర్టులో సాక్ష్యంతో రుజువు చేయాలి. ‘మాలో ఇది మామూలే’ అంటే చెల్లదు.

ఉత్తరాంధ్ర నుంచి బతుకుతెరువుకు వచ్చి షాపూర్‌నగర్‌లో అద్దె గదిలో కాపురముంటున్న ఒక ఇల్లాలిని ఉదాహరణగా అనుకుందాం. భర్త పారిశ్రామికవాడలో కాంట్రాక్టు కార్మికుడు. పెద్దమనుషులు ఆమె చేతిలో కొంత సొమ్ము పెట్టి విడుపు కాగితం రాయించారు. ఏడాది తిరగకుండా అతను మరో పెళ్లి చేసుకున్నాడు. చట్టం దృష్టిలో ఈ రెండో పెళ్లి చెల్లదు. నమ్మి వచ్చిన రెండో ఆమెకు భార్య హోదా లేదు. పుట్టిన బిడ్డలు మాత్రం 16వ సెక్షను వల్ల న్యాయసమ్మతమైన సంతానమే. మొదటి భార్య ఫిర్యాదు చేస్తే అతనికి ఏడేళ్ల వరకు శిక్ష పడవచ్చు. పాత శిక్షాస్మృతిలో ఇది 494వ సెక్షను. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 82వది. ఆ కాగితాన్నే నమ్ముకుని మొదటి భార్య తానూ మళ్లీ పెళ్లాడితే అదే నేరం ఆమె మెడకూ చుట్టుకుంటుంది. పంచాయితీ చేసిన పెద్దమనుషులు అప్పటికి ఎక్కడా కనిపించరు.

ఒక్కటి మాత్రం ఊరట. ‘మనోవర్తి అడగను’ అని ఆ కాగితంలో రాయించుకున్నంత మాత్రాన చట్టం ఇచ్చిన ఆ హక్కు పోదని న్యాయస్థానాలు పలుమార్లు తేల్చాయి.

కార్మికునికీ ఉచితమే

వకీలు దగ్గరకు వెళ్లకపోవడానికి మొదటి కారణం ఫీజు భయం. 1987లో చేసి 1995 నవంబరు 9 నుంచి అమలు చేస్తున్న న్యాయసేవల ప్రాధికార సంస్థల చట్టం ఉన్నది ఇందుకే. ఆ చట్టం 12వ సెక్షను ప్రకారం స్త్రీలు ఉచిత న్యాయసహాయానికి అర్హులు. ఆదాయం ఎంత అని చూడరు. షెడ్యూల్డు కులాలు, తెగల వారికీ, వికలాంగులకూ ఇదే వర్తిస్తుంది. జీడిమెట్ల వంటి చోట ముఖ్యంగా తెలియవలసిన ముక్క మరొకటి అదే జాబితాలో ఉంది: పారిశ్రామిక కార్మికుడు. అంటే అర్హత ఉంటే భార్యకు ఒక వకీలును, ఫ్యాక్టరీలో పనిచేసే భర్తకు మరో వకీలును ఇప్పించే వీలు ఉన్నది. చింతల్, సూరారం, గాజులరామారం బస్తీల్లో వడ్డీకి అప్పు తెచ్చి ప్లీడరు ఫీజు కట్టే ముందు ఈ సంగతి కనుక్కోవడం మంచిది.

దరఖాస్తు జిల్లా న్యాయసేవాధికార సంస్థలోగాని, మండల న్యాయసేవా కమిటీలోగాని ఇవ్వవచ్చు. 15100 నెంబరుకు ఫోను చేసినా దారి చెబుతారు. ఇంట్లో కొడుతున్నారు, రాత్రికి తలదాచుకోను చోటు లేదు అన్నప్పుడు ముందు చేయవలసిన ఫోను 181. ఇది మహిళల సహాయ నెంబరు. 2005 నాటి గృహహింస చట్టం కింద అదే ఇంట్లో ఉండే హక్కును కూడా మేజిస్ట్రేటు కోర్టు ఇప్పించగలదు. ఇల్లు అద్దెదా, భర్త పేరున ఉన్నదా అన్న ప్రశ్న ఇందుకు అడ్డు రాదు.

సొంత ఖర్చుతో వకీలును పెట్టుకునేవారికి రెండు మాటలు. ‘వచ్చే భరణంలో ఇంత వాటా’ అని ఫీజు మాట్లాడుకోవడాన్ని బార్ కౌన్సిల్ నిబంధనలు నిషేధిస్తున్నాయి. ఫలానా రకం కేసుల్లో ప్రత్యేక నిపుణుడినని బోర్డు పెట్టుకోవడానికీ అవి ఒప్పవు. కనుక ‘విడాకులు త్వరగా ఇప్పించబడును’ అన్న ప్రకటన చూసి వెళ్లడమంటే తొలి అడుగు తప్పుగా వేయడమే. ఫీజు ఎంతో, ఏ దశకు ఎంతో ముందే రాయించుకోవాలి. ఖాళీ కాగితాల మీద సంతకాలు చేయరాదు. వకాల్తా ఒకసారి ఇస్తే మార్చరాదన్న అపోహ చాలామందిలో ఉంది. మార్చుకోవచ్చు.

నోటీసు తీసుకోకపోతే

పెళ్లి జరిగింది సొంతూళ్లో, కాపురం జీడిమెట్లలో, ఇప్పుడు భార్య ఉంటున్నది అన్నగారింట. మరి దావా ఎక్కడ వేయాలి? పెళ్లి జరిగిన చోట వేయవచ్చు, ఇద్దరూ చివరిసారిగా కలిసి ఉన్న చోట వేయవచ్చు, అవతలి పక్షం నివసిస్తున్న చోట వేయవచ్చు. భార్య వేసే దావా అయితే ఆమె నివసిస్తున్న చోటనే వేసుకోవచ్చని 2003లో చట్టాన్ని సవరించారు. పసిబిడ్డను చంకన వేసుకుని వందల మైళ్లు రైలెక్కవలసిన అవసరం అంతటితో తప్పింది.

అసలు ప్రమాదం మరోచోట ఉంది. అద్దె గదులు తరచు మారే కుటుంబాలకు కోర్టు నోటీసు పాత చిరునామాకు పోతుంది. కొందరైతే పోస్టుమాను తెచ్చిన రిజిస్టర్డు కవరును భయపడి తిరగ్గొడతారు. తీసుకోకపోతే కేసు నడవదని వారి నమ్మకం. కేసు నిక్షేపంగా నడుస్తుంది, ఏకపక్షంగా డిక్రీ అవుతుంది. నోటీసు సరిగా అందని పక్షంలో డిక్రీ సంగతి తెలిసిన నాటినుంచి 30 రోజుల్లో దాన్ని తోసిపుచ్చమని కోరవచ్చు. ఆ గడువు దాటితే ఆలస్యానికి కారణాలు చెప్పుకుంటూ వాయిదాల చుట్టూ తిరగాలి.

‘కాపురానికి రావలసింది’ అనే నోటీసును కూడా తేలిగ్గా తీసుకోరాదు. దాంపత్య హక్కుల పునరుద్ధరణ డిక్రీ అయి, ఏడాదిపాటు కాపురం కలవకపోతే అదే విడాకులకు ఆధారమవుతుంది. ఈ 9వ సెక్షను మీద తెలుగునాట పెద్ద చరిత్రే ఉంది. సినీనటి సరిత కేసులో 1983లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు న్యాయమూర్తి జస్టిస్ పి.ఎ.చౌదరి, ఇష్టం లేని స్త్రీని కాపురానికి పంపడం రాజ్యాంగ విరుద్ధమని ఆ సెక్షనునే కొట్టివేశారు. మరుసటి ఏడాదే సుప్రీంకోర్టు మరో కేసులో ఆ అభిప్రాయాన్ని కాదన్నది. సెక్షను నేటికీ చట్టంలో ఉన్నది.

మనోవర్తి లెక్క

1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడులో మనోవర్తి నెలకు రూ.500 మించరాదని ఉండేది. ఆ పరిమితిని 2001లో తీసివేశారు. ఒకనాటి 125వ సెక్షను ఇప్పుడు నాగరిక సురక్షా సంహితలో 144 అయింది. మతంతో దీనికి పని లేదు. హైదరాబాద్‌కు చెందిన ఒక ముస్లిం భర్త, విడాకులిచ్చిన భార్యకు ఈ సెక్షను వర్తించదని వాదించాడు. ఫ్యామిలీ కోర్టు నెలకు రూ.20,000 ఇమ్మన్నది, తెలంగాణ హైకోర్టు దాన్ని రూ.10,000కు తగ్గించింది. అదీ ఇవ్వనని అతను ఢిల్లీ దాకా వెళ్లాడు. 2024 జూలై 10న జస్టిస్ బి.వి.నాగరత్న, జస్టిస్ ఆగస్టిన్ జార్జి మసీహ్ అప్పీలును కొట్టివేశారు. విడాకులు పొందిన ముస్లిం స్త్రీ కూడా ఈ సెక్షను కింద మనోవర్తి కోరవచ్చని తేల్చారు.

ఎంత ఇప్పిస్తారన్నది భర్త సంపాదన మీద ఆధారపడుతుంది. చిక్కు ఇక్కడే. కాంట్రాక్టరు చేతికిచ్చే కూలికి రశీదు ఉండదు. ‘పని లేదు, ఖాళీగా ఉన్నాను’ అని అఫిడవిట్ వేయడం పరిపాటి. ఇద్దరూ తమ ఆస్తిపాస్తులు, ఆదాయం, అప్పులు ప్రమాణపూర్వకంగా కోర్టుకు తెలపాలని 2020 నవంబరులో సుప్రీంకోర్టు ఆదేశించింది. మనోవర్తిని దరఖాస్తు పెట్టిన తేదీనుంచే లెక్క కట్టాలన్నది. భర్త ఈఎస్ఐ కార్డు నెంబరు, పీఎఫ్ ఖాతా నెంబరు, పాత గుర్తింపు కార్డు నకలు వంటివి దొరికితే భార్య పదిలపరచుకోవాలి. మాటల సాక్ష్యం కన్నా అవే గట్టివి.

డబ్బు కట్టకపోతే వారంటు వస్తుంది, నెల వరకు జైలు పడవచ్చు. జైలుకు వెళ్లి వచ్చినంత మాత్రాన బాకీ చెల్లిపోదు. అయితే ఏ నెల సొమ్ము బాకీ పడిందో ఆనాటినుంచి ఏడాది లోపల వసూలుకు దరఖాస్తు పెట్టాలి. ‘పోనీలే, ఇస్తాడులే’ అని రెండేళ్లు ఊరుకున్నవారికి ఈ మార్గంలో పాత బాకీ చేతికి రావడం కష్టం.

ఇద్దరూ ఒప్పుకుని విడిపోవడానికి 1976లో చేర్చిన 13-బి సెక్షను ఉంది. ఏడాదిగా విడిగా ఉంటూ ఉమ్మడిగా దరఖాస్తు పెట్టుకోవాలి, ఆరు నెలలు ఆగాలి. రాజీకి ఆశ లేదని తేలినప్పుడు ఈ ఆరు నెలల గడువును కోర్టు మన్నించవచ్చని సుప్రీంకోర్టు 2017లో చెప్పింది. స్టాంపు కాగితం రాసుకునే జంట నిజంగా ఇద్దరూ ఒప్పుకున్నదే అయితే రావలసిన దారి ఇది.

పిల్లలు ఎవరి దగ్గర ఉండాలన్న తగవులో అయిదేళ్ల లోపు బిడ్డ మామూలుగా తల్లి దగ్గరే. అంతకు పెద్దవారి విషయంలో తండ్రి హక్కు, తల్లి హక్కు అని కాక బిడ్డ మేలు ఎందులో ఉందో కోర్టు చూస్తుంది. ఏ బడిలో చదువుతున్నారు, ఎవరు దింపి వస్తున్నారు అన్న చిన్న సంగతులే అక్కడ బరువు తూగుతాయి.

కేసు ముగిశాక డిక్రీ నకలు కోసం గుమాస్తాల చుట్టూ తిరిగి డబ్బు పెట్టేవారున్నారు. హిందూ వివాహ చట్టం 23వ సెక్షను ప్రకారం విడాకుల డిక్రీ నకలును ఇరుపక్షాలకు కోర్టు ఉచితంగా ఇవ్వాలి. అయితే అది చేతికి వచ్చిన మర్నాడే మళ్లీ పెళ్లికి ముహూర్తం పెట్టుకోరాదు. అప్పీలు గడువు దాటాలి. అప్పీలు పడితే అది కొట్టివేసేదాకా ఆగాలి.