నోడ్ దగ్గర లెక్క ఎలా తేలుతుంది?

చెన్నై–గూడూరు రైలు మార్గంలోని కవరైపేట్టైలో ఆర్.ఎం.కె. ఇంజనీరింగ్ కళాశాల ఉంది. అలాంటి కళాశాలల్లో ఎలక్ట్రికల్ విద్యార్థులు మొదట్లోనే నేర్చుకునే నోడల్ అనాలిసిస్, భిన్నాలు వచ్చిన మీకూ అందుతుంది.

తీగలు కలిసే చోటు నోడ్. అక్కడ కరెంటు నిలవ ఉండదు, వచ్చినంతా పోవాల్సిందే. 1845లో ఈ నియమం చెప్పేనాటికి భౌతిక శాస్త్రవేత్త కిర్కాఫ్ ఇంకా విద్యార్థే!

12 వోల్టుల బ్యాటరీ ప్లస్ కొస నుంచి కరెంటు 2 ఓముల నిరోధం దాటి నోడ్‌కు వస్తుంది. అక్కణ్ణుంచి 3 ఓములు, 6 ఓములు ఉన్న రెండు దారుల్లో మైనస్ కొసకు పోతుంది. మైనస్ కొసను సున్నా వోల్టులనుకుందాం. మూడు కరెంట్లనూ విడివిడిగా వెతకడమెందుకు? నోడ్ వోల్టేజి ఒక్కటి దొరికితే చాలు. దాన్ని 'వ' అందాం. వోల్టేజి తేడాను నిరోధంతో భాగిస్తే కరెంటు వస్తుంది. నోడ్‌కు వచ్చేదీ పోయేదీ సమానం కాబట్టి:

(12 − వ)/2 = వ/3 + వ/6

కుడివైపు కూడితే వ/2. కాబట్టి వ = 6 వోల్టులు. వచ్చేది 3 ఆంపియర్లు. పోయేవి 2, 1.