వినోద షూటింగ్‌కు .22 రైఫిల్ ఎంపిక

6.0 లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తర్వాత మీరు:
• రిమ్‌ఫైర్ తూటా పనిచేసే తీరును వివరించగలుగుతారు;
• మీ శరీరానికి సరిపోయే రైఫిల్‌ను పరీక్షించి ఎంచుకోగలుగుతారు;
• ఒక రైఫిల్‌కు నప్పే తూటాను గుర్తించగలుగుతారు;
• లైసెన్సుకు, భద్రతకు సంబంధించిన ముఖ్య నియమాలను తెలుపగలుగుతారు.

6.1 పరిచయం

మీలో కొందరు కళాశాల రోజుల్లో ఎన్.సి.సి.లో చేరి, నేలమీద బోర్లా పడుకుని, 25 గజాల దూరంలోని కాగితంపై గురిచూసి కాల్చి ఉంటారు. ఆనాడు మీ చేతిలో ఉన్నది చాలావరకు .22 రైఫిలే అయి ఉంటుంది. ఒలింపిక్స్‌లో 50 మీటర్ల రైఫిల్ పోటీకి వాడేదీ ఇదే కొలత తూటా. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో స్వప్నిల్ కుసాలె 50 మీటర్ల రైఫిల్ మూడు భంగిమల పోటీలో కాంస్య పతకం గెలిచాడు. నేర్చుకునేవారికీ, నిపుణులకూ ఒకే తూటా సరిపోవడం ఈ క్రీడలోని విశేషం.

మన దేశంలో వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 వేటను నిషేధించింది. అందువల్ల ఇక్కడ వినోద షూటింగ్ అంటే అనుమతి ఉన్న రేంజిలో లక్ష్యఫలకంపై కాల్చడమే. ఈ ప్రయోజనానికి కావలసింది బలమైన రైఫిల్ కాదు, పొందికైన రైఫిల్. మనిషి, రైఫిల్, తూటా – ఈ మూడింటి మధ్య పొందికను ఎలా పరీక్షించాలో ఈ భాగంలో తెలుసుకుందాం.

6.2 రిమ్‌ఫైర్ అంటే ఏమిటి?

.22 అంటే అంగుళంలో నూటికి 22 వంతులు, అంటే సుమారు 5.6 మిల్లీమీటర్లు. పెద్ద రైఫిళ్ళ తూటాలో నిప్పు రగిలించే మందు అడుగు భాగం మధ్యలో ఉంటుంది. రిమ్‌ఫైర్ తూటాలో అది అడుగున చుట్టూ ఉన్న అంచులో ఉంటుంది. ట్రిగ్గర్ నొక్కగానే సూది ఆ అంచును నలిపి మందును రగిలిస్తుంది. అంచు నలగాలంటే ఇత్తడి తొడుగు పలుచగా ఉండాలి. పలుచని తొడుగు ఎక్కువ ఒత్తిడిని తట్టుకోలేదు. అందుకే ఈ తూటాల శక్తి పరిమితంగా ఉంటుంది. ఒకసారి పేలిన తొడుగును మళ్ళీ నింపి వాడటానికి వీలుండదు.

నేడు ఎక్కువగా వాడే .22 లాంగ్ రైఫిల్ తూటా 1887లో అమెరికాలో రూపొందింది. సాధారణంగా దీని బుల్లెట్ బరువు 2.6 గ్రాములు. సెకనుకు 325 మీటర్ల వేగంతో వెలువడితే దాని శక్తి సుమారు 137 జౌళ్ళు. 10 మీటర్ల పోటీల్లో వాడే ఎయిర్ రైఫిల్ గుండు శక్తి 7.5 జౌళ్ళ ప్రాంతంలో ఉంటుంది. ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి చూడండి. ‘చిన్న తుపాకి’ అన్న మాట మనల్ని ఎంత మోసగించగలదో తెలుస్తుంది.

6.3 రైఫిల్ రకాలు

.22 రైఫిళ్ళలో రెండు రకాలు ప్రధానమైనవి.

(అ) బోల్ట్ రైఫిల్: కాల్చిన ప్రతిసారీ చేత్తో బోల్ట్‌ను వెనక్కి లాగి, ముందుకు తోయాలి. నిర్మాణం సరళం, శుభ్రపరచడం తేలిక. బోల్ట్ తెరిచి ఉంచితే తూటా లేదన్న సంగతి పక్కనున్నవారికి కూడా కనిపిస్తుంది.

(ఆ) సెమీ ఆటోమేటిక్: ఒక తూటా పేలగానే తరువాతి తూటా దానంతట అదే గొట్టంలోకి చేరుతుంది. వేగంగా కాల్చవచ్చు. కాని కొత్తవారికి ఒక్కొక్క తూటాపై మనసు నిలిపే అలవాటు దీనితో ఆలస్యంగా వస్తుంది.

నేర్చుకునేవారికి బోల్ట్ రైఫిల్ తగినది. మన దేశంలో ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ .22 స్పోర్టింగ్ రైఫిల్‌ను తయారు చేసింది. పోటీల స్థాయిలో జర్మనీకి చెందిన అన్షుట్జ్, వాల్తర్ రైఫిళ్ళు ప్రసిద్ధమైనవి. అయితే పేరును చూసేముందు కింది పరీక్షలు చేయండి.

6.4 శరీరానికి సరిపోతుందా?

ఖాళీ రైఫిల్‌తో, శిక్షకుని సమక్షంలో ఈ నాలుగు పరీక్షలు చేయాలి.

1. కన్ను: రెండు అరచేతులు చాచి, మధ్యలో చిన్న సందు ఉంచి, దూరపు వస్తువును ఆ సందులోంచి చూడండి. ఒక్కొక్క కన్నూ మూసి చూడండి. ఏ కన్ను తెరిచినప్పుడు వస్తువు కనిపిస్తుందో అది మీ ప్రధాన నేత్రం. రైఫిల్‌ను ఆ వైపు భుజానికే ఆనించడం మేలు.

2. పొడవు: బట్‌ను మోచేతి మడతలో ఆనిస్తే చూపుడువేలి మొదటి కణుపు ట్రిగ్గర్‌ను అందుకోవాలి. ఇది స్థూలమైన కొలత మాత్రమే. అసలు నిర్ణయం పడుకుని గురిచూసినప్పుడు జరుగుతుంది.

3. చెంప: కళ్ళు మూసుకుని రైఫిల్‌ను భుజానికి చేర్చి, చెంప ఆనించి, కళ్ళు తెరవండి. మెడ కదపకుండానే సైటు కంటికి ఎదురుగా ఉండాలి. మెడ సాచవలసి వస్తే ఆ రైఫిల్ బట్ మీకు సరిపడలేదని అర్థం.

4. బరువు: బరువైన రైఫిల్ నిలకడగా ఉంటుంది కాని భుజాలను అలసింపజేస్తుంది. నిలబడి ఒక నిమిషం గురిపట్టి చూడండి. చేతులు వణకడం మొదలైతే తేలికదాన్ని ఎంచుకోండి.

ట్రిగ్గర్‌ను పరీక్షించాలని ఖాళీ గొట్టంతో నొక్కకండి. చాలా .22 రైఫిళ్ళలో సూది నేరుగా గొట్టం అంచుకు తగిలి దెబ్బతింటుంది. తయారీదారు అనుమతించాడో లేదో ముందుగా తెలుసుకోండి.

6.5 రైఫిల్‌కు నప్పే తూటా

వేగం ఎక్కువైతే గురి బాగా కుదురుతుందని చాలామంది అనుకుంటారు. .22 విషయంలో ఇది నిజం కాదు. గాలిలో ధ్వని వేగం సెకనుకు సుమారు 340 మీటర్లు. ఆ వేగం దగ్గర గాలి నిరోధం ఒక్కసారిగా పెరుగుతుంది. అందుకే హెచ్చువేగపు తూటా పక్కగాలికి మరింత ఎక్కువగా జరుగుతుంది. పోటీ తూటాలను ధ్వని వేగంకన్నా తక్కువ వేగంతో వెళ్ళేలా తయారుచేయడానికి కారణం ఇదే.

ఒకే నమూనా రైఫిళ్ళు రెండింటికి కూడా ఒకే తూటా నప్పకపోవచ్చు. కాబట్టి దొరికే రకాలను విడివిడిగా పరీక్షించాలి. రైఫిల్‌ను ఇసుక సంచులపై ఆనించి, ఒక్కొక్క రకంతో 10 తూటాలు 50 మీటర్ల దూరంలో కాల్చండి. అన్నిటికన్నా దూరంగా ఉన్న రెండు రంధ్రాల కేంద్రాల మధ్య దూరాన్ని కొలవండి.

ఉదాహరణ: 50 మీటర్ల లక్ష్యంలో 10 పాయింట్ల వలయం వ్యాసం 10.4 మి.మీ. బుల్లెట్ అంచు ఆ వలయాన్ని తాకినా 10 వస్తుంది. బుల్లెట్ వ్యాసం 5.6 మి.మీ. అంటే రంధ్రాల కేంద్రాలన్నీ 10.4 + 5.6 = 16 మి.మీ. వ్యాసం గల వృత్తంలో ఉండాలి. ఒక రకం తూటాలు 14 మి.మీ.లో, మరో రకం 25 మి.మీ.లో పడ్డాయనుకోండి. రెండో రకంతో ఎంత బాగా గురిచూసినా కొన్ని పాయింట్లు పోతాయి. అది మీ లోపం కాదు, పొందిక లోపం.

6.6 చట్టం, భద్రత

.22 రైఫిల్‌ను సొంతం చేసుకోవాలంటే ఆయుధాల చట్టం, 1959 కింద లైసెన్సు తప్పనిసరి. జిల్లాల్లో జిల్లా మేజిస్ట్రేటు, కమిషనరేట్లలో పోలీసు కమిషనరు లైసెన్సు ఇస్తారు. సొంత ఆయుధానికి 21 ఏళ్ళు నిండాలి. 2019 సవరణ ప్రకారం ఒక వ్యక్తి రెండు ఆయుధాలకు మించి ఉంచుకోరాదు. అయితే గుర్తింపు పొందిన రైఫిల్ క్లబ్బు సభ్యులు లక్ష్యసాధనకు వాడే .22 రైఫిల్‌కు ఈ పరిమితి వర్తించదు. అందువల్ల ముందుగా క్లబ్బులో చేరి, అక్కడి రైఫిళ్ళతో కొన్ని నెలలు సాధన చేసి, ఆ తర్వాతే కొనుగోలు గురించి ఆలోచించడం మంచిది.

.22 బుల్లెట్ దాదాపు కిలోమీటరున్నర దూరం వెళ్ళగలదు. రాతిని, నీటిని తాకి దారి మళ్ళగలదు. కాబట్టి పొలం గట్టున, చెరువు ఒడ్డున కాల్చరాదు. వెనుక మట్టికట్ట ఉన్న రేంజిలోనే కాల్చాలి. ప్రతి రైఫిల్‌లోనూ తూటా ఉందనే భావించాలి. గొట్టాన్ని ఎప్పుడూ లక్ష్యం వైపే ఉంచాలి. కాల్చే క్షణం వరకు వేలు ట్రిగ్గర్‌కు బయటే ఉండాలి. తూటా పేలకపోతే గొట్టాన్ని లక్ష్యం వైపే ఉంచి, కనీసం 30 సెకన్లు ఆగి బోల్ట్ తెరవాలి. చెవులకు, కళ్ళకు రక్షణ ధరించాలి. బుల్లెట్‌లో సీసం ఉంటుంది కాబట్టి సాధన ముగిశాక చేతులు కడుక్కోనిదే ఏమీ తినరాదు. ఇంట్లో రైఫిల్‌ను, తూటాలను వేర్వేరుగా తాళం వేసి ఉంచాలి.

6.7 సారాంశం

రిమ్‌ఫైర్ తూటా శక్తి పరిమితం, ప్రమాదం మాత్రం పరిమితం కాదు. కొత్తవారికి బోల్ట్ రైఫిల్ తగినది. కన్ను, పొడవు, చెంప, బరువు అనే నాలుగు పరీక్షల్లో నెగ్గిన రైఫిల్‌నే ఎంచుకోవాలి. తూటాను ధరను బట్టి, వేగాన్ని బట్టి కాక కాగితంపై పడిన రంధ్రాలను బట్టి నిర్ణయించాలి.

6.8 మీ ప్రగతిని సమీక్షించుకోండి

1. రిమ్‌ఫైర్ తూటా తొడుగు పలుచగా ఎందుకు ఉండాలి?
2. హెచ్చువేగపు తూటా పక్కగాలికి ఎక్కువగా జరగడానికి కారణం ఏమిటి?
3. ఒక రకం తూటాలు 50 మీటర్ల వద్ద 20 మి.మీ. పరిధిలో పడ్డాయి. అన్నిటికీ 10 పాయింట్లు రాగలవా? లెక్కతో వివరించండి.